సన్నగీత అక్షరం ఎంత దూరం కనిపిస్తుంది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక చిన్న హాల్లో, డిజైన్ విద్యార్థులూ బోర్డులు చేసేవాళ్లూ కూర్చున్న చోట చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. అక్కడక్కడ కుదించాం, మాట తీరు మార్చలేదు.)

వినిపిస్తోందా వెనకాల? ఆ మూల ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులో నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది. సరే, నమస్కారం అందరికీ.

నన్ను పిలిచినవాళ్లు "అక్షరాల గురించి ఏదైనా చెప్పండి సార్" అన్నారు. ఏదైనా అంటే నాకు భయం. కస్టమరు "మీ ఇష్టం అండీ, ఏదైనా పెట్టేయండి" అన్నాడంటే ఆ బోర్డు కనీసం ఆరుసార్లు మారుతుంది, షాపులున్నవాళ్లకి తెలుసు. (నవ్వులు) అందుకని నేనే ఒకటి ఎంచుకున్నాను. సన్నగా, గుండ్రంగా, కొసల్లో చిన్న అడ్డగీతలు, అంటే సెరిఫ్‌లు, ఏమీ లేకుండా ఉండే ఇంగ్లీషు అక్షరం. ఈమధ్య ప్రతి స్కిన్ క్లినిక్కూ, ప్రతి కేఫూ, మధురవాడ వైపు లేచే ప్రతి అపార్ట్‌మెంటు బ్రోచరూ అడిగేది అదే. ఫోన్ తీసి ఒక బొమ్మ చూపిస్తారు, "ఇలా క్లాసీగా రావాలి" అంటారు. ఆ బొమ్మలో ఏముంటుంది, తెల్లగోడ, దాని మీద వెంట్రుకంత సన్నంగా నాలుగు అక్షరాలు, చుట్టూ బోలెడు ఖాళీ. మనవాడి దగ్గరున్న బోర్డేమో పదడుగులు బై మూడు, అందులో పేరు, డాక్టరుగారి డిగ్రీలు, రెండు ఫోన్ నంబర్లు, ఇంకా "లిఫ్ట్ కలదు" కూడా పట్టాలి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కునుకు తీసినా ఏమీ అనుకోను. సన్నదనం స్టైల్ అయ్యేది తర్వాత, ముందు అదొక కొలత. ఎంత ఎత్తు అక్షరం, ఎంత దూరం నుంచి, దేని మీద అన్న మూడూ తెలుసుకోకుండా "సరేనండీ" అన్నామంటే నష్టపోయేది కస్టమరు, తిట్లు తినేది మనం.

నేను పని నేర్చుకున్నది కంప్యూటరు మీద కాదు లెండి. జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల షట్టర్లకీ గోడలకీ ఎనామిల్ పెయింటుతో రాసే గురువుగారి దగ్గర. నూలుదారానికి సుద్ద పూసి, ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస ఆయన పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే టప్‌మని గోడ మీద తెల్లగీత పడేది. అలాంటివి రెండు గీతలు, వాటి మధ్య అక్షరాలు. లావు అక్షరం నన్ను నింపనిచ్చేవారు గానీ సన్నది మాత్రం బ్రష్ ముట్టుకోనిచ్చేవారు కాదు. "లావుదాంట్లో చెయ్యి వణికినా రెండో కోటులో సర్దేయొచ్చురా" అనేవారు. సంక్రాంతి ముగ్గులప్పుడు చూడండి, కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలు పిండి గుప్పెడు పట్టుకుని లావుగా వేస్తుంది, మామ్మ మాత్రం రెండు వేళ్ల మధ్య నుంచి దారంలా వదుల్తుంది, మెలిక ముగ్గు మొత్తంలో గీత మందం మారదు. సన్నగీతలో వంక దాచుకోవడానికి చోటుండదు. ఫాంట్ గీసేవాడి కష్టం కూడా అదే.

సరే, ఈ రకం అక్షరం ఎక్కడిది? జర్మనీది. 1920లలో అక్కడ వృత్తం, చతురస్రం, త్రిభుజం అంటే వెర్రి. కుర్చీ అయినా ఇల్లయినా అక్షరమైనా వాటితోనే కట్టేయాలని. వైమార్‌లో 1919లో పెట్టిన బౌహౌస్ డిజైన్ స్కూలు పేరు మీరు క్లాసుల్లో వినే ఉంటారు. ఈ రకం అక్షరమైన ఫ్యూచురా ఫాంటు కూడా బౌహౌస్ వాళ్లదే అని చాలామంది అనుకుంటారు, నెట్‌లో కూడా రాసేస్తారు. అది గీసిన పాల్ రెన్నర్ అక్కడ పాఠాలు చెప్పినవాడు కాదు. ఆ గాలి ఆయనకీ తగిలింది, అంతే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే బవర్ ఫౌండ్రీ 1927లో ఫ్యూచురాని బయటికి తెచ్చింది. ఆయన మొదట గీసినవాటిలో చిన్న ఆర్ ఎలా ఉండేదో తెలుసా, ఒక నిలువు గీత, పక్కన గాలిలో ఒక చుక్క. జామెట్రీ ప్రకారం చక్కగానే ఉంది, చదవడానికే పనికిరాదు. చివరికి అలాంటి విచిత్రాలు చాలావరకు వదిలేశారు. పెద్దక్షరాల కొలతలు మాత్రం రోమన్ శిలాశాసనాల దారిలో పెట్టారు, 'ఓ' బాగా వెడల్పు, 'ఈ', 'ఎస్' ఇరుకు. ఫ్యూచురా అప్పుడే చేసినట్టూ కనిపిస్తుంది, పాతదిలానూ కనిపిస్తుంది అనేది అందుకే.

1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలొచ్చిన ఫలకం ఉంది కదా, దాని మీద అక్షరాలు ఫ్యూచురావే. మన వృత్తిలో అన్నిటికంటే దూరంలో బిగించిన బోర్డు అది. ఇంతవరకు "అక్షరం ఊడిపోయింది, ఎవరినైనా పంపండి" అని ఫోన్ రాలేదు. (నవ్వులు)

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఈ రకాన్ని జామెట్రిక్ అంటాం. జామెట్రిక్ అంటే కంపాస్ పెట్టి గుండ్రం గీసేస్తే 'ఓ' అయిపోయింది అనుకుంటారు. ఇంటికెళ్లి ఒక పని చేయండి. ఒక గాజు కాగితం మీద పెట్టి చుట్టూ గీయండి, పక్కనే సరిగ్గా ఆ గాజంత ఎత్తు చతురస్రం గీయండి, గోడకి పెట్టి చూడండి. గాజు చిన్నదిగా కనిపిస్తుంది. రెండూ ఒకే ఎత్తు అని మీకు తెలుసు, మీరే గీశారు, అయినా కన్ను ఒప్పుకోదు. అందుకే ఏ మంచి ఫాంట్‌లోనైనా ఓ, సి, జి లాంటి గుండ్రటివి పక్కనున్న హెచ్ కంటే పైకీ కిందికీ ఇసుమంత ఎక్కువ గీస్తారు. ఇంగ్లీషు 'ఏ' అక్షరం పైకొస కూడా అంతే. ఇంకోటి, నిలువు గీతా పడుకున్న గీతా ఒకే మందంలో గీస్తే పడుకున్నది లావుగా అనిపిస్తుంది, దాన్ని కొంచెం తగ్గించాలి. అంటే ఒకే మందంలా కనిపించాలంటే ఒకే మందంలో గీయకూడదన్నమాట. కొలిస్తే తప్పు, చూస్తే ఒప్పు. మా గురువుగారికి ఈ పేర్లేవీ తెలియవు, కానీ సున్నాని సుద్దగీత దాటించి రాసేవారు, నేను "గీత దాటింది గురువుగారూ" అంటే నెత్తి మీద ఒకటి ఇచ్చేవారు.

సన్న ఫాంట్‌లో ఎడం కూడా వేరు. అక్షరం లోపలి ఖాళీ పెరుగుతుంది కదా, అక్షరాల మధ్య ఖాళీ కూడా దానికి తగ్గట్టు పెరగాలి. బోల్డ్‌కి, అంటే లావుదానికి పెట్టిన స్పేసింగే థిన్‌కి, అంటే సన్నదానికి పెడితే గీతలు గీతలుగా పుల్లల కట్టలా ఉంటుంది. మంచి ఫాంట్‌లో ఇది గీసినవాడే చూసుకుంటాడు, మనం కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో లాగి నొక్కి చెడగొట్టకపోతే చాలు.

రేల్వే అని ఒక ఫాంటుంది, మీలో సగం మంది వాడే ఉంటారు. రైల్వే కాదమ్మా, రేల్వే. (నవ్వులు) 2010లో మాట్ మెకినర్నీ అనే అమెరికన్ డిజైనరు చేశాడు. అప్పుడు ఉన్నది ఒకే ఒక్క వెయిట్ (గీత లావు), థిన్. లావు లేదు, మధ్యరకం లేదు, సన్నదే. శీర్షికల కోసం, పెద్ద సైజులో వాడమని. 2012లో పాబ్లో ఇంపల్లారీ, రోడ్రిగో ఫ్యూంజలిదా కలిసి దాన్ని తొమ్మిది వెయిట్ల కుటుంబం చేశారు. ఉచితం, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, దాంతో ప్రపంచం మొత్తం ఎక్కడ పడితే అక్కడ పెట్టేసింది.

దానికి రెండు గుణాలున్నాయి, తెలియకపోతే పట్టేస్తాయి. ఒకటి డబ్ల్యూ. మధ్యలో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, రెండు వి లు ఒకదాని మీదొకటి పడ్డట్టు. మనకి ఇంగ్లీషులో వాల్తేరు అని రాయాలంటే మొదటి అక్షరమే డబ్ల్యూ. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక ఇంటికి నేమ్‌ప్లేటు చేశాను, ఇత్తడి మీద, రేల్వేలో, ఆ దాటుకునే గీతల్ని చూసి ఆ ఇంటి పెద్దాయన మురిసిపోయారు. అదే డబ్ల్యూని ఓ డయాగ్నస్టిక్ సెంటర్ విజిటింగ్ కార్డు మీద పెడితే "ఇక్కడ ప్రింటింగ్ మిస్టేకు వచ్చింది" అని కార్డులు వెనక్కి పంపారు.

రెండోది అంకెలు. ఇది గుర్తుపెట్టుకోండి, మీ డబ్బులు మిగుల్తాయి. రేల్వేలో మామూలుగా టైప్ చేస్తే వచ్చే అంకెలు పాతకాలం పద్ధతివి. 0, 1, 2 పొట్టిగా ఉంటాయి, 6, 8 పైకి లేస్తాయి, 3, 4, 5, 7, 9 గీత కిందకి దిగుతాయి. వాక్యం మధ్యలో ఒక సంవత్సరం వస్తే ఇవి చాలా అందంగా ఉంటాయి, చిన్నక్షరాల్లో కలిసిపోతాయి. ఫోన్ నంబరు పెట్టి చూడండి. పది అంకెలూ ఘాట్ రోడ్డులో బస్సెక్కినట్టు ఊగుతాయి. నేను ఒకాయనకి వెయ్యి కార్డులు కొట్టించాక ఆయన ఫోన్ చేసి, "ఏంటండీ, నా నంబరు తాగొచ్చినట్టుంది" అన్నారు. వెయ్యి కార్డులూ నా ఖాతాలోనే పోయాయి. మందు ఫాంట్‌లోనే ఉంది, ఓపెన్‌టైప్ మెనూలో లైనింగ్ అంకెలు అని ఎంచుకుంటే అన్నీ ఒకే ఎత్తుకి వస్తాయి. నాకు ఆ మెనూ ఉందని కార్డులు పోయాక తెలిసింది.

ఇక లెక్క. బోర్డు మీద రాయండి ఎవరైనా. ఫాంట్ గీసే చతురస్రాన్ని వెయ్యి భాగాలు అనుకుంటాం. బాగా సన్న ఫాంట్‌లో నిలువు గీత ఒక 20 భాగాలు ఉందనుకోండి, పెద్దక్షరం ఎత్తు 700. అంటే గీత మందం అక్షరం ఎత్తులో 35వ వంతు. మా బోర్డుల పనిలో పాత లెక్క ఒకటుంది, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు. వందడుగుల రోడ్డు అవతలి నుంచి కనిపించాలంటే పదంగుళాల అక్షరం. బాగానే ఉంది, కానీ ఆ లెక్క మామూలు లావున్న అక్షరానికి.

కంటి డాక్టరు దగ్గర గోడకి చార్టు ఉంటుంది చూడండి. 1862లో స్నెలెన్ అనే డచ్ డాక్టరు చేసింది. అందులో అక్షరం గీత మందం ఎత్తులో అయిదో వంతు. 6/6 చూపంటే ఆ గీత కంటి దగ్గర ఒక డిగ్రీలో 60వ వంతు కోణం చేస్తే పోల్చుకోగలగడం. వందడుగులు, అంటే ముప్పై మీటర్ల దగ్గర ఆ కోణానికి సుమారు 8.7 మిల్లీమీటర్ల మందం కావాలి. మన పదంగుళాల థిన్ అక్షరంలో గీత ఎంత? 254 మిల్లీమీటర్లని 35తో భాగించండి, ఏడుంబావు. చాలలేదు! కళ్లద్దాలు లేకుండా 6/6 ఉన్న కుర్రాడికే అంచు మీద ఉంది, క్లినిక్‌కి వచ్చే అరవయ్యేళ్ల మనిషికి ఇంకేం కనిపిస్తుంది? గీత అస్సలు కనపడదని కాదు, నల్లని దాని మీద తెల్లటి తీగ చాలా దూరం తెలుస్తుంది, ఆకాశం మీద కరెంటు తీగ కనిపించినట్టు. కానీ అది ఏ అక్షరమో చెప్పలేం.

ఈ లెక్క నాకు ముందు తెలియదు, దెబ్బ తిన్నాక కూర్చుని వేసుకున్నాను. పేరు వద్దు, ఒక స్కిన్ క్లినిక్, రెండో అంతస్తు. మీగడ రంగు ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు మీద బంగారు రంగు సన్నక్షరాలు. ల్యాప్‌టాప్‌లో చూసి డాక్టరమ్మగారు "ఎంత బావుందో" అన్నారు, నేనూ పొంగిపోయాను. బిగించిన రోజు సాయంత్రం ఎదురు ఫుట్‌పాత్ మీద ఇద్దరం నిలబడ్డాం. ఆవిడ ఓ నిమిషం చూసి, చాలా మర్యాదగా, "బోర్డు రేపు పెడతారా అండీ?" అని అడిగారు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు దేనికయ్యా, నలభై వేలు నావి!

మీగడ మీద బంగారం అంటే రెండూ లేతవే, గీత సన్నం, అక్కడికి పడమటి ఎండ. మూడూ ఒకేసారి పెట్టాను. మళ్లీ చేసినప్పుడు ఫాంట్ కుటుంబం మార్చలేదు, థిన్ తీసి మీడియం పెట్టాను, వెనకాల ముదురు ఆకుపచ్చ. ఆవిడకి ఇప్పటికీ అది సన్నదే అనిపిస్తుంది, ఎందుకంటే ఆకారం అదే.

మెటీరియల్ సంగతి కూడా చెప్తాను, ఇక్కడ చాలామంది పని ఇదే. రేడియం స్టిక్కరు ప్లాటర్, అంటే కోసే మెషీన్‌లో కోసేటప్పుడు సన్నగీత రెండు మిల్లీమీటర్ల కంటే తగ్గితే, మిగతా షీటు పీకేటప్పుడు అక్షరం కూడా లేచి వచ్చేస్తుంది, పొద్దుటి నుంచి కూర్చుని పిన్నుతో సర్దుకోవాలి. లోపల ఎల్‌ఈడీ పెట్టే యాక్రిలిక్ అక్షరాలకి థిన్ అసలు కుదరదు, ఎల్‌ఈడీ ముక్క (మాడ్యూల్) పెట్టే చోటే ఉండదు. సముద్రం పక్కన ఇనుము సంగతి మీకు చెప్పక్కర్లేదు. స్టీల్ అంటే తుప్పు పట్టదనుకుంటాం, బీచ్ రోడ్డులో మామూలు 304 గ్రేడ్ స్టీలు మీద కూడా టీ మరకల్లా వస్తాయి, ఉప్పుగాలికి మాలిబ్డినం కలిసిన 316 కొంచెం నయం. లావు అక్షరం మీద మూడు మిల్లీమీటర్ల మచ్చ పడితే ఎవరూ చూడరు, ఏడు మిల్లీమీటర్ల గీత మీద పడితే సగం గీత పోయినట్టే.

మరి సన్నది ఎక్కడ బ్రహ్మాండంగా ఉంటుందంటే, నియాన్. ఇప్పుడొచ్చే ఎల్‌ఈడీ నియాన్ పైపు 6 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, పైగా వంచితే గుండ్రంగానే తిరుగుతుంది. సన్న జామెట్రిక్ అక్షరం కూడా అంతే కదా. చీకట్లో వెలుగు చుట్టూ పాకి గీత ఇంకొంచెం లావుగా కనిపిస్తుంది, ఆ సాయం మనకి ఊరికే వస్తుంది. 8 మిల్లీమీటర్ల పైపుతో నిజమైన థిన్ నిష్పత్తి రావాలంటే అక్షరం 28 సెంటీమీటర్ల ఎత్తుండాలి, 35తో హెచ్చించుకోండి. కేఫు లోపల గోడకి, దగ్గర నుంచి చూసేదానికి, ఫొటోలు దిగేదానికి ఇంతకంటే మంచిది లేదు. అలాగే పెళ్లికార్డు, ఆర్కిటెక్టు లెటర్‌హెడ్, సబ్బుపెట్టె, పుస్తకం అట్ట. చేతిలో పట్టుకుని తీరిగ్గా చూసేవి.

కార్డుల దగ్గర ఒక్కటి చూసుకోండి. 9 పాయింట్లలో థిన్ పెడితే గీత 0.18 పాయింటు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో పావు పాయింటు కంటే తగ్గితే నేను నమ్మను. దాన్ని మళ్లీ నాలుగు రంగులు కలిపిన ముదురు రంగులోంచి తెల్లగా తీయమంటారు, నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుక వాసి జరిగినా సిరా అక్షరంలోకి పాకిపోతుంది. లేత బూడిద రంగులో పెట్టినా గొడవే, ఆ లేత రంగు చుక్కలతో వస్తుంది, గీత చుక్కల కంటే సన్నం, గీత కాస్తా చీమల బారు అవుతుంది. గట్టి సిరా ఒక్కటి, సైజు పెద్దది. అంతే.

ఫోన్లో కూడా ఇదే లెక్క. 16 పిక్సెళ్ల సైజులో 20 భాగాల గీత అంటే 0.32 పిక్సెలు. మూడోవంతు పిక్సెల్ వెలిగించలేం కాబట్టి స్క్రీను దాన్ని బూడిద రంగు చేసి చూపిస్తుంది. మీరు నలుపే పెట్టారు, చూసేవాడికి బూడిద అందింది. వెబ్ వాళ్ల నియమాల్లో చిన్న అక్షరానికి కాంట్రాస్టు, అంటే వెనక రంగుతో వెలుగు తేడా, 4.5కి 1 ఉండాలంటారు, మీ కలర్ కోడ్ ఆ పరీక్ష పాసవుతుంది, అక్షరం మాత్రం ఫెయిలవుతుంది. డిజైనర్ చేతిలో ఖరీదైన ఫోను, దాంట్లో పిక్సెళ్లు మూడింతలు దట్టం, ఏసీ గదిలో కూర్చుని చూస్తాడు. వాడేవాడు మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం ఎండలో నిలబడి చూస్తాడు. ఆపిల్ అంతటి వాళ్లు 2013లో ఐఓఎస్ 7 బీటాలో, అంటే పరీక్షకిచ్చిన ముందు రూపంలో, హెల్వెటికా ఫాంటు సన్నది పెట్టి, కనపడట్లేదని గోల వస్తే బయటికి వదిలేలోపే రెగ్యులర్‌కి మార్చుకున్నారు. హెల్వెటికా ఈ జామెట్రిక్ జాతి కాదు, కానీ సన్నదనం తెచ్చిన తంటా ఒకటే.

ఇప్పుడు తెలుగు. దీనికోసమే వచ్చాను నిజానికి.

తెలుగులో థిన్ ఏంటండీ, మనవి నిండుగా ఉండే అక్షరాలు అంటారు. నిండుదనం అచ్చు దిమ్మలు వచ్చాక వచ్చింది. అంతకుముందు వందల ఏళ్లు తాటాకు మీద గంటంతో రాశాం. గంటం మొన ఒకటే, దాని గీత లావూ సన్నం మారదు, వెంట్రుకంత ఉంటుంది. అంటే ఒకే మందం సన్నగీత మనకి జర్మనీ నుంచి రానక్కర్లేదు, తాతలదే. పైగా ఇంకో సంగతి గమనించండి, ఆకు మీద గీకిన గీత అలాగే వదిలేస్తే సరిగ్గా కనపడదు, మసి పూసి తుడిచేవారు, గీతలో నలుపు నిలిచేది. సన్నగీత రాస్తే నలుపు బాగా ఉండాలని వాళ్లకి తెలుసు. మీగడ మీద బంగారం పెట్టింది నేనే. (నవ్వులు)

కానీ కంపాస్ పెట్టి తెలుగు గీస్తే ఏమవుతుందో నేను చేసి చూశాను. 'రం' అని రాయండి. ర గుండ్రం, సున్న గుండ్రం. రెంటినీ పూర్తి వృత్తాలు చేసి పక్కపక్కన పెడితే రెండు గాజులు, ఒకదాని మీద తలకట్టు. మధ్యలో చుక్క పెడితే ఠ. దూరం నుంచి ఏది ఏదో తెలియదు. మనవి గుండ్రటివి అంటాం గానీ చాలావరకు పక్కకి పడుకున్న కోడిగుడ్లు, ఆ వెడల్పు తీసేసి వృత్తం చేస్తే అక్షరం ముఖం మారిపోతుంది. ద, ధ చూడండి. తేడా అడుగున చిన్న గీత ఒక్కటే. ప, ఫ కూడా అంతే. సన్నగీతలో ఆ ముక్కని కూడా పొట్టిగా పెట్టారా, ధనలక్ష్మి గారు దనలక్ష్మి అయిపోతారు. తలకట్టు కూడా, ప మీద, స మీద అది అక్షరానికి అంటకుండా పైన విడిగా ఉంటుంది, ఆ ఎడం ఎంతన్నది సన్న ఫాంట్‌లో పెద్ద తలనొప్పి, మరీ దూరమైతే గాలిపటంలా ఎగిరిపోయినట్టుంటుంది.

అయితే సన్నది తెలుగుకి చేసే మేలు కూడా ఉంది. 'వస్త్రాలయం' అని బోల్డ్‌లో పెట్టండి. స కింద త వత్తు, ర వత్తు, అన్నీ కలిసి నల్లగా ముద్ద. పూర్ణా మార్కెట్ వైపు ఆ మాట ముద్ద కాకుండా రాసిన బోర్డు దొరికితే నాకు ఫొటో పంపండి. సన్న వెయిట్‌లో అదే మాట పెద్ద సైజులో పెడితే ప్రతి వత్తూ విడివిడిగా ఊపిరి పీల్చుకుంటుంది. ఒక్క షరతు, వత్తుని పెద్ద అక్షరం కుదించి చేయకూడదు. సగానికి కుదిస్తే గీత కూడా సగం అవుతుంది, థిన్‌లో సగం అంటే మాయం. వత్తు గీత మందం పైఅక్షరంతో సమానంగా ఉండేలా మళ్లీ గీయాలి. ఫాంట్ బాగుందా లేదా అని చూడ్డానికి నేను మొదట టైప్ చేసేది 'వస్త్రాలయం', రెండోది 'విశాఖపట్నం', ట కింద న వత్తు ఎలా కూర్చుందో చూస్తాను.

దొరికేవి చెప్తాను, ఉచితమే అన్నీ. నోటో సాన్స్ తెలుగు 100 నుంచి 900 దాకా ఉంది, నంబరు పెరిగితే గీత లావు పెరుగుతుంది. ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు 100 నుంచి 800, అందులో వెడల్పు కూడా మార్చుకోవచ్చు, నాకు ఇష్టం. హింద్ గుంటూరు లైట్ నుంచి మొదలవుతుంది. గురజాడ, గిడుగు పేర్ల మీద కూడా గూగుల్‌లో ఫాంట్లున్నాయి, మన వైపు పెద్దల పేర్లని ఆనందమే గానీ సన్న వెయిట్ కోసం వాటి దగ్గరికి వెళ్లకండి.

రేల్వేలో తెలుగు లేదు, ఫ్యూచురాలో లేదు. ఆ ఫాంట్ ఎంచుకుని తెలుగు టైప్ చేస్తే కంప్యూటరు తనకి తోచిన తెలుగు ఫాంట్ తెచ్చి అతికిస్తుంది, ఇంగ్లీషు సన్నగా, తెలుగు లావుగా, తాటిచెట్టు పక్కన గుమ్మడికాయ. రెండూ ఒక బోర్డు మీద ఉండాలంటే వెయిట్ నంబర్లు కలపడం కాదు, కళ్లు సగం మూసి చూడండి, రెండు వరుసల నలుపు ఒకేలా అనిపించాలి. చాలాసార్లు ఇంగ్లీషు 200 పెడితే తెలుగు 300 కావాల్సొస్తుంది.

ఇంకొకటి, మనందరం చేసే పాపం. కస్టమరు "కొంచెం బోల్డ్ చేయండి" అంటే కోరల్‌లో అవుట్‌లైన్ అర పాయింటు పెట్టేయడం. నేనూ చేశాను. గీత చుట్టూ రంగు పూసినట్టు అవుతుంది తప్ప, గీసినవాడు కంటికోసం చేసిన సర్దుబాట్లన్నీ దాని కింద పూడిపోతాయి, ధ అడుగు గీత అక్షరంలో కలిసిపోతుంది. ఒక వెయిట్ పైది ఉంటే అది వాడండి, లేకపోతే ఫాంట్ మార్చండి.

ప్రశ్నలేమైనా? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, ఇంత రిస్క్ ఉన్నప్పుడు ఎప్పుడూ మీడియమే వాడేస్తే పోలేదా?)

పోతుందమ్మా, భోజనానికి రోజూ పెరుగన్నం తినేసినా పోతుంది. (నవ్వులు) చూడు, పెద్ద గోడ ఉండి, చెప్పాల్సిన మాట ఒకటే అయితే, దగ్గర నుంచి చూసేదైతే, అక్కడ మీడియం పెడితే అరిచినట్టుంటుంది. మ్యూజియంలో, నగల షోరూమ్ లోపల, సన్నదే ఉండాలి.

(వెనక నుంచి ఒకాయన: గురువుగారూ, మాది గాజువాకలో బోర్డుల షాపు. ఇవన్నీ కస్టమర్‌కి చెప్తే వినడండీ. స్క్రీన్ మీద చూసి అదే కావాలంటాడు.)

వినడు. నా మాటా వినలేదు. అందుకే నోటితో చెప్పడం మానేశాను. బోర్డుని పదోవంతుకి కుదించి ఏ3 మీద ప్రింటు తీయండి. పదంగుళాల అక్షరం అంగుళం అవుతుంది, వందడుగుల దూరం పదడుగులు అవుతుంది, కంటికి పడే కోణం మారదు. షాపు గోడకి అంటించి కస్టమర్‌ని పదడుగులు వెనక్కి నిలబెట్టి చదవమనండి, వీలైతే వాళ్లమ్మగారిని తీసుకురమ్మనండి. పక్కనే మీడియం ప్రింటు కూడా పెట్టండి. మీరేం మాట్లాడొద్దు.

ఇదిగో, నా సంచిలో రెండు ప్రింట్లున్నాయి, ఆ క్లినిక్‌వే, పేరు మార్చాను. టేపు ఉందా ఎవరి దగ్గరైనా? ఆ గోడకి అంటించండి బాబూ, కిటికీ వెలుతురు పడే చోట. ఈ హాల్లో టైలు రెండడుగులు, గోడ నుంచి అయిదు టైళ్లు లెక్కపెట్టుకుని నిలబడండి. కళ్లజోడు ఉన్నవాళ్లు ముందు రండి.